మొదటి చెంచా రుచి, చివరి ముద్ద తృప్తి

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దలు చెప్పారు. ఆ మాట నిజమే. గిన్నెలోని అన్నమంతా ఒకే నీటిలో, ఒకే సెగ మీద ఉడికింది కనుక ఒక మెతుకు తక్కిన మెతుకులన్నిటికీ సాక్ష్యం చెప్పగలదు. కాని ఆ అన్నం తిన్న మనిషికి తృప్తి కలిగిందా, రెండు గంటల తరువాత నాలుక పిడచకట్టిందా, మరునాటి ఉదయం కడుపు తేలికగా ఉందా అన్న ప్రశ్నలకు ఒక్క మెతుకు జవాబు చెప్పలేదు.

ఈ రోజులలో మన ఫోన్లలో కనిపించే హోటళ్ళ సమీక్షలలో ఎక్కువ భాగం ఈ ఒక్క మెతుకు పరీక్షలే. ఎక్కడో కొత్త రెస్టారెంటు తెరుస్తారు. ఫుడ్ బ్లాగర్లను, వీడియోలు తీసేవారిని పిలుస్తారు. వారు వంటకానికి ఒక చెంచా చొప్పున రుచి చూసి, కళ్ళు మూసుకుని, తల పంకించి, "అద్భుతం, తప్పక తినాలి" అని తీర్పు చెబుతారు. ఆ తీర్పును నమ్మి మీరు కుటుంబంతో వెళతారు. మీరు తినేది చెంచా కాదు, పళ్ళెం. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం గురించి, వైద్యుడిగా పనిచేసిన అనుభవంతో నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

మొదట వారికి చెందవలసిన మంచి మాట

నేను ఈ వీడియోలను ద్వేషించేవాడిని కాను. తీరిక వేళల్లో ఇష్టంగా చూస్తాను కూడా. మన వంటలకు ప్రపంచంలో గౌరవం పెరిగిన కాలం ఇది. హైదరాబాదీ హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2019లో యునెస్కో హైదరాబాదును ఆహార సంస్కృతికి పేరుపొందిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇటువంటి గుర్తింపులు కాగితం మీద మిగిలిపోకుండా వాటి వెనుక ఉన్న వంటవారిని, వీధులను, చేతి నైపుణ్యాన్ని మనకు చూపించినవారు ఈ యువతీయువకులే. ఉలవచారు ఎరుగని పట్టణపు పిల్లలకు ఉలవచారును, సర్వపిండి పేరు వినని కోస్తా జిల్లాల వారికి సర్వపిండిని పరిచయం చేసినది వీరే. జొన్నరొట్టె పేదవాడి తిండి అన్న చిన్నచూపు తగ్గడంలో కూడా వీరి పాత్ర ఉంది.

వీరి మాటకు ఎంత బలం ఉందో 2024 జనవరిలో మనమందరం చూశాము. హైదరాబాదులో ఒక మహిళ రోడ్డు పక్కన నడుపుకొనే భోజనం బండికి వీడియోల వలన వచ్చిన పేరు అంతా ఇంతా కాదు. జనం వెల్లువెత్తారు, రాకపోకలు స్తంభించాయి, పోలీసులు ఆ బండిని అక్కడి నుండి తొలగించమన్నారు, చివరకు ముఖ్యమంత్రి జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఒక కుటుంబం జీవనోపాధిని అంతలో నిలబెట్టగల శక్తి, అంతలో చిక్కులలో పడవేయగల శక్తి కూడా ఈ చిన్న చిన్న వీడియోలకు ఉన్నదని దీనివలన తేలింది. శక్తి ఉన్నచోట బాధ్యత గురించి అడగడం తప్పు కాదు కదా!

రుచి చూసే విందులో జరిగేది ఏమిటి?

కొంతకాలం క్రితం మా బంధువుల అమ్మాయి ఇటువంటి ఒక మెనూ టేస్టింగుకు వెళుతూ, తోడుగా నన్ను కూడా రమ్మంది. ఆ హోటలు పేరు ఇక్కడ అవసరం లేదు. వచ్చినవారు పదిమంది ఉంటారు. ముందు పులుపు, కారం కలిసిన చిన్న చిన్న వేపుళ్ళు వచ్చాయి. తరువాత నెయ్యి తేలుతున్న పప్పు, గోంగూర మాంసం, రొయ్యల ఇగురు, రెండు రకాల పులావులు, మూడు తీపి వంటకాలు. లెక్కపెడితే పద్నాలుగు వచ్చాయి. ప్రతి వంటకాన్నీ ముందు దీపపు వెలుగులో ఫోటో తీశారు. తరువాత ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. గిన్నె పక్కకు జరిగింది, మరొకటి వచ్చింది. ఎవ్వరూ ఏ వంటకాన్నీ కడుపు నింపుకోవడానికి తినలేదు. మజ్జిగ అడిగినది నేనొక్కడినే.

భోజనం ముగిసిన తరువాత వంటగది పెద్దను పలకరించాను. ఇటువంటి రోజున ఉప్పు, నెయ్యి, పులుపు ఒక పాలు ఎక్కువ వేస్తామని, ఒక్క చెంచాలోనే మనిషిని పట్టుకోవాలి కదా అని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. పరీక్ష ఎలా ఉంటే విద్యార్థి అలాగే చదువుతాడు. ఒక్క చెంచాకు మార్కులు వేసే పరీక్ష పెడితే, వంటవాడు ఆ ఒక్క చెంచా కోసమే వండుతాడు.

నా ఆందోళన అంతా ఇక్కడే ఉన్నది. చెంచా కోసం వండిన వంట ఆ ఒక్క రోజుతో ఆగిపోదు. మెచ్చుకోళ్ళు పొందిన ఆ రుచే మెనూలో స్థిరపడుతుంది. పక్క హోటలువాడు దానితో పోటీపడి ఇంకొక గరిటె వెన్న వేస్తాడు. దోసె మీద వెన్న, వెన్న మీద చీజు, దాని మీద మయొనేజు చేరిన క్రమం మీరందరూ కళ్ళారా చూసినదే. మన నాలుకలు ఆ మోతాదుకు అలవాటు పడతాయి. చివరకు ఇంటి పప్పుచారు చప్పగా ఉందని పిల్లలు కంచం నెట్టివేస్తారు.

నాలుక చెప్పేది, ఒళ్ళు చెప్పేది

దీని వెనుక ఉన్న శరీర ధర్మాన్ని కొంచెం వివరిస్తాను. ఉప్పు, తీపి, కొవ్వు, ఈ మూడూ నోట్లో పడిన క్షణంలోనే మెదడుకు ఆనందాన్ని కలిగిస్తాయి. కాని కడుపు నిండిందన్న కబురు మెదడుకు అంత త్వరగా చేరదు. జీర్ణకోశం నుండి వెలువడే హార్మోన్లు, నరాల సంకేతాలు కలిసి ఆ కబురు అందించడానికి సుమారు 15 నుండి 20 నిమిషాలు పడుతుంది. అంటే నాలుక వెంటనే తీర్పు చెబుతుంది, ఒళ్ళు ఆలోచించి చెబుతుంది. చెంచా సమీక్ష మొదటి తీర్పును మాత్రమే నమోదు చేస్తుంది.

మరొక సంగతి. ఒకే వంటకాన్ని తింటూ ఉంటే దాని మీద మోజు క్రమంగా తగ్గుతుంది. అది ప్రకృతి మనకు పెట్టిన కళ్ళెం. వంటకం మారితే ఆ కళ్ళెం సడలి, ఆకలి మళ్ళీ మేలుకొంటుంది. కడుపు నిండా తిన్న తరువాత కూడా మిఠాయికి చోటు దొరకడం మీ అందరికీ అనుభవమే. పద్నాలుగు రకాలు వరుసగా వచ్చే విందులో, రకరకాల దుకాణాలు వరుసగా ఉండే ఆహార ఉత్సవంలో మనం ఎక్కువ తినడానికి మన బలహీనత కంటే ఈ ఏర్పాటే పెద్ద కారణం.

ఇక మోతాదుల సంగతి. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన 17 ఆహార మార్గదర్శకాలలో కూడా ఉప్పుకు అదే హద్దు. 5 గ్రాములంటే ఒక చిన్న చెంచాడు, అది మూడు పూటలకూ కలిపి. ఊరగాయలు, పొడులు, అప్పడాలు, వేపుళ్ళు కలిసిన ఒక్క హోటలు భోజనంలోనే ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. ఒక గ్రాము నూనె 9 కేలరీలు ఇస్తుంది. ఒక పెద్ద చెంచాడు నూనె సుమారు 120 కేలరీలు. కూర మీద తేలే నూనె నాలుగు చెంచాలు అదనంగా ఉంటే, దాదాపు 480 కేలరీలు మీకు తెలియకుండానే లోపలికి వెళతాయి. చెంచా రుచి చూసినవారి కంటికి ఆ నూనె నిగనిగలాడే అందంగా మాత్రమే కనిపిస్తుంది.

మన దేశంలో సుమారు 10 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వయోజనులలో మూడింట ఒక వంతుకు పైగా రక్తపోటు ఉన్నట్లు కూడా అదే అధ్యయనం తెలిపింది. అంటే ఆహార వీడియో చూసే ప్రతి ముగ్గురు పెద్దవారిలో ఒకరికి ఆ అదనపు ఉప్పు కేవలం రుచి కాదు, జబ్బు.

సమీక్షకుడే రోగి అయినపుడు

ఈ వృత్తిలో ఉన్నవారి ఆరోగ్యాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. ముప్పై ఏళ్ళు దాటీ దాటని ఒక యువకుడు ఒకసారి నా దగ్గరకు వచ్చాడు. ఎడమ కాలి బొటనవేలు వాచి, ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి. పరీక్షలు చేయిస్తే యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉంది, కాలేయంలో కొవ్వు చేరింది, రక్తంలో చక్కెర హద్దు మీద ఉంది. ఏం పని చేస్తావు నాయనా అని అడిగితే, హోటళ్ళ వీడియోలు తీస్తానన్నాడు. "నేను ఏదీ పూర్తిగా తినను సార్, రుచి మాత్రమే చూస్తాను" అన్నాడు. రోజుకు మూడు నాలుగు చోట్ల, చోటుకు పది రకాలు, వారానికి ఐదు రోజులు. చెంచాలన్నీ కూడితే పళ్ళాలయ్యాయి. ఇంటికి వెళ్ళేసరికి అర్ధరాత్రి. కదలిక లేదు, నిద్ర లేదు.

మందులు వ్రాసి, నిద్ర గురించి, నడక గురించి చెప్పాను. వెళుతూ గుమ్మం దగ్గర ఆగి ఒక మాట అడిగాడు. "అయితే నేనేమి చెప్పాలి సార్? ఉప్పు ఎక్కువ, నూనె ఎక్కువ అంటే నన్ను మళ్ళీ పిలవరు కదా!" ఆ ప్రశ్న న్యాయమైనది. అతని ఇల్లు ఆ వీడియోల మీదనే గడుస్తున్నది. రుచిని మెచ్చుకోవద్దని నేను చెప్పను. కాని పిలిచినవాడు మళ్ళీ పిలవాలన్న భయంతో నోరు కట్టుకుంటే అది సమీక్ష అనిపించుకోదు. అది ప్రకటన అవుతుంది. ప్రకటన చేయడం నేరం కాదు, ప్రకటనను సమీక్షగా చూపడమే తప్పు.

ఈ విషయంలో చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022లో తప్పుదోవ పట్టించే ప్రకటనలకు సంబంధించిన మార్గదర్శకాలు వచ్చాయి. 2023 జనవరిలో సామాజిక మాధ్యమాలలో ప్రచారం చేసేవారి కొరకు ప్రత్యేకంగా కేంద్ర ప్రభుత్వం సూచనలు విడుదల చేసింది. డబ్బు మాత్రమే కాదు, ఉచితంగా అందిన వస్తువులు, తగ్గింపులు, బహుమతులు, ప్రయాణాలు కూడా సంబంధం కిందికే వస్తాయి. ఆ సంబంధాన్ని ప్రేక్షకుడు గమనించకుండా ఉండలేని విధంగా వెల్లడించాలి. వీడియో అయితే అక్షరాలలోనూ, మాటలోనూ చెప్పాలి. ప్రచారం ఏ భాషలో ఉంటే ఆ వెల్లడి కూడా ఆ భాషలోనే ఉండాలి. తెలుగులో పది నిమిషాలు పొగిడి, చివర ఏ మూలనో చీమ తలకాయంత ఇంగ్లీషు మాట ఒకటి పెడితే చెల్లదన్నమాట. తప్పుదోవ పట్టించే ప్రచారానికి మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, తరువాత 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది.

కెమెరాకు కనిపించనిది

చెంచా సమీక్షలోని మరొక లోపం కాలానికి సంబంధించినది. కలుషితాహారం వలన కలిగే బాధ తిన్న వెంటనే కనిపించదు. గది వేడిలో గంటల తరబడి ఉంచిన అన్నంలో పెరిగే బాసిల్లస్ అనే సూక్ష్మజీవి విషం వలన వాంతులు 1 నుండి 6 గంటలలో మొదలవుతాయి. సాల్మొనెల్లా వలన వచ్చే విరేచనాలు, జ్వరం బయటపడటానికి 6 గంటల నుండి కొన్ని రోజుల వరకు పట్టవచ్చు. వీడియో అప్పటికే లక్షమందికి చేరి ఉంటుంది.

2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని పలువురు అస్వస్థులు కాగా ఒక మహిళ మరణించింది. ఆ తరువాత తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయొనేజును ఏడాది పాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండే అవకాశం ఉంది. ఉడికిస్తే అది చనిపోతుంది. మయొనేజును ఉడికించరు, పైగా ఎండలో బండి మీద గంటల కొద్దీ ఉంచుతారు. దాని రంగు మారదు, వాసన మారదు, రుచి మారదు. ఎంత నిపుణుడైన సమీక్షకుడికైనా నాలుక మీద అది తెలియదు.

ఆహార ఉత్సవాలలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. నాలుగు రోజుల కోసం వేసిన డేరాలో కుళాయి ఉండదు, మురుగు కాలువ ఉండదు, చేతులు కడుక్కునే చోటు ఉండదు. రద్దీ పెరిగితే నూనె మార్చే తీరిక ఉండదు. మరిగి మరిగి చెడిన నూనెలో పేరుకొనే పదార్థాలు 25 శాతం మించితే ఆ నూనె వాడరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం పెట్టింది. మీకు ప్రయోగశాల అక్కరలేదు. నూనె నల్లబడి, జిగటగా మారి, నురుగు కట్టి, పొగ చిమ్ముతూ ఉంటే అక్కడి నుండి కదలండి.

సమీక్ష వ్రాసేవారికి నా విన్నపం

ఆ యువకుడు గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇది.

మొదటిది, కనీసం ఒక్క వంటకాన్ని పూర్తిగా తినండి. మొదటి ముద్ద ఎలా ఉందో, చివరి ముద్ద ఎలా ఉందో రెండూ చెప్పండి. చివరి ముద్దకు కూడా రుచిగా ఉన్న వంటే గొప్ప వంట.

రెండవది, మరునాడు వ్రాయండి. రాత్రి దాహంతో ఎన్నిసార్లు లేచారో, గుండెలో మంట వచ్చిందో లేదో అది కూడా సమీక్షలో భాగమే.

మూడవది, ఎంత మందికి ఎంత పరిమాణం అని చెప్పండి. ఇద్దరికి సరిపోయే బిర్యానీని ఒక్కరు తినడం వీరత్వంగా చూపకండి. తిండి పందేలు వైద్యుని దృష్టిలో వినోదం కావు.

నాలుగవది, భోజనానికి డబ్బు మీరు ఇచ్చారా, వారు పెట్టారా అన్నది మొదటి వాక్యంలోనే, తెలుగులోనే చెప్పండి.

ఐదవది, వంటగది చూడనిచ్చారా, చేతులు కడుక్కునే చోటు ఉందా, తాగే నీరు ఎక్కడిది అన్నది ఒక్క నిమిషం చూపండి. వెలుగులో మెరిసే నెయ్యి కంటే శుభ్రమైన గిన్నెలు కడిగే తొట్టి మాకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

చూసేవారికి, తినేవారికి

పాఠకులారా, వీడియో చూసి వెళ్ళడం మానమని నేను చెప్పడం లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత ఊరికే పుట్టలేదు. బయట తినడం ఒక ఆనందం, నలుగురితో కలిసి తినడం ఆరోగ్యానికి మంచిదే. కాని కొన్ని చిన్న అలవాట్లు చేసుకోండి. బిల్లు మీద 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు లేదా నమోదు సంఖ్య ఉన్నదేమో చూడండి. పది లేదా అంతకు మించి శాఖలున్న హోటళ్ళు మెనూలో కేలరీలు చూపాలన్న నియమం 2022 జులై నుండి అమలులో ఉంది, లేకపోతే అడగండి. ఒకేసారి అన్నీ తెప్పించుకోకుండా ముందు ఒకటి రెండు తెప్పించి, మాట్లాడుకుంటూ తిని, ఇరవై నిమిషాల తరువాత ఇంకా కావాలా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఊరగాయ, అప్పడం, తీపి పానీయం ఈ మూడింటిలో కనీసం రెండింటిని వదలండి. మందుల వేళ తప్పించకండి.

తిన్న తరువాత వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్ఎస్ ద్రావణం కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా, మూత్రం తగ్గినా, మత్తుగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో అంతవరకు కూడా ఆగవద్దు.

ఇదంతా చదివి, డాక్టరుకు రుచి తెలియదు, చాదస్తం మాత్రమే తెలుసు అని కొందరు నవ్వుకోవచ్చు. నేను వాదిస్తున్నది రుచి పక్షాననే. మన తెలుగు భోజనం క్రమం చూడండి. పప్పుతో మొదలుపెట్టి, కూర, పులుసు మీదుగా వచ్చి, పెరుగన్నంతో ముగిస్తాము. కారం నుండి చల్లదనానికి నడిపించే ఆ వరుసను ఏర్పరచినవారికి మొదటి ముద్ద విలువ ఎంత తెలుసో, చివరి ముద్ద విలువ కూడా అంతే తెలుసు. ఒక్క చెంచాతో మురిపించే వంట ఇప్పుడు ఏ వీధిలోనైనా దొరుకుతుంది. కంచం ఖాళీ అయిన తరువాత కూడా మంచి మాట అనిపించే వంట ఎక్కడ ఉందో వెతికి చూపించేవారు ఉంటే, నేను వారి వీడియో చూడటమే కాదు, నలుగురికీ పంపుతాను కూడా.